కొట్టం కట్టే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరు పాడి ఆవులు, ఇరవై గొర్రెలు ఉన్నాయి. తోటలో బోరు పక్కన, దారి వెంబడి ఉత్తర దక్షిణాలుగా 60 అడుగుల పొడవున నాలుగు వైపులా గోడలు లేపి, రేకులు వేసి, పశువులు, గొర్రెలు, వేరుశనగ మూటలు, కట్టె (ఎండిన వేరుశనగ మేత) అన్నీ ఒకే కప్పు కింద పెట్టుకోమని మేస్త్రీ చెబుతున్నారు. ఖర్చు కలిసి వస్తుందంటున్నారు. ఇలా కట్టవచ్చా?

జవాబు: దయచేసి ఇలా కట్టవద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన కురిసే మీ జిల్లాలో పశువును బాధపెట్టేది వాన కంటే ఎండే కాబట్టి, కొట్టానికి ముందు కావలసింది నీడ, గాలి; గోడలు ఆ తర్వాతి మాట. నాలుగు గోడల మధ్య రేకుల కింద మే నెల మధ్యాహ్నం ఒక్క గంట మీరే నిలబడి చూడండి, ఆవు మేత తగ్గించి నోరు తెరిచి ఎందుకు రొప్పుతుందో, పాలు ఎందుకు తగ్గుతాయో తెలిసిపోతుంది.

మొదట దిక్కు మార్చండి. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పొద్దుటి ఎండ, సాయంకాలపు ఎండ చిన్న పక్కల మీదే పడతాయి, పొడవాటి పక్కలు రెండూ తెరిచి ఉంచినా లోపల నీడ నిలుస్తుంది. పడమటి చివర మాత్రం కప్పు దాకా రాతిగోడ కట్టించండి. అది సాయంకాలపు ఎండను ఆపడమే కాక, జూన్ నుంచి ఆగస్టు దాకా విసురుగా వీచే పడమటి గాలి దుమ్మును, జల్లును నేరుగా పశువుల మీదికి రానివ్వదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపింది ఆ గాలి బలం చూసే కదా. అందుకే రేకులను మేకులతో సరిపెట్టకుండా కొక్కీ బోల్టులతో దూలాలకు బిగించి, గుంజలను పునాది కాంక్రీటులో పాతించండి; చూరు రెండు అడుగులకు మించి బయటికి వదలవద్దు.

కొలతల విషయానికి వస్తే, భారతీయ ప్రమాణాల ప్రకారం ఒక్కో ఆవుకు కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, ఆరుబయట దొడ్డిలో 7 చదరపు మీటర్లు ఉండాలి. ఆవుకు నాలుగు అడుగుల వెడల్పు, ఐదున్నర అడుగుల పొడవు నిలువుచోటు ఇచ్చి ఆరింటినీ ఒకే వరుసలో కట్టేస్తే 26 అడుగుల పొడవు సరిపోతుంది. వెడల్పులో మేత వేసే దారికి నాలుగు, గాడికి రెండు, నిలువుచోటుకు ఐదున్నర, మూత్రపు కాలువకు ఒకటి, వెనక పేడ ఎత్తే దారికి మూడున్నర అడుగులు, మొత్తం 16 అడుగులు వేసుకోండి. ఈ వెనక దారిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ రోజూ రెండు పూటలా పేడ ఎత్తేది ఇంటి ఆడవాళ్లే అయినప్పుడు, తట్టతో వంగి ఇరుక్కుంటూ నడిచే బాధ వాళ్లకే తెలుసు. నిలువుచోటుకు గాడి నుంచి కాలువ వైపు ఒకటిన్నర అంగుళం వాలు చాలు; అంతకు మించితే ఆవుకు వెనక కాళ్ల మీద బరువు పడుతుంది. చూరు ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గకూడదు, నడికొప్పు పన్నెండు దాకా ఉండాలి. రేకుల పైన ఏటా వేసవికి ముందు సున్నం పూయించి, కింద బోదగడ్డి గానీ జొన్నదంటు గానీ తడికలుగా కట్టిస్తే వేడి బాగా తగ్గుతుంది.

వేరుశనగను మాత్రం పశువుల దగ్గర పెట్టవద్దు. పశువుల ఊపిరి తేమ, మూత్రపు తేమ కాయలకు ఎక్కి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఆ కాయల పిండిచెక్క ఆవుకు పెడితే అది పాలలోకి కూడా వస్తుంది. కాయ తేమ ఎనిమిది శాతానికి దిగేదాకా, అంటే చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలమనే దాకా ఎండబెట్టి, వేరే చిన్న గదిలో చెక్కల మీద, గోడకు ఒకటిన్నర అడుగు ఎడంగా మూటలు పేర్చండి. ఆ గదికి మూడు అడుగుల అరుగు కట్టించి, అంచున బండను ఆరు అంగుళాలు బయటికి పొడిస్తే ఎలుకలు పైకి ఎక్కలేవు. కట్టె వామిని కొట్టానికి కనీసం 50 అడుగుల దూరంలో వేయండి, నిప్పు భయం ఉంది. గొర్రెలకు తలా ఒక చదరపు మీటరు కప్పు, మెరకనేల, గరుసు పరిచిన అడుగు చాలు. పేడగుంట బోరుకు దూరంగా, పల్లంలో ఉండాలి.

డబ్బు ఒక్కసారిగా లేకపోతే ఈ ఏడు ఆవుల కప్పు, అడుగు వేయించండి. కాయల గది పంట వచ్చేలోపు ముగిస్తే చాలు, గొర్రెల దొడ్డికి ఇప్పటికి ముళ్లకంప కంచె సరిపోతుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరు దగ్గర మా కొట్టంలో నున్నటి కడప బండలు పరిచాం. తడిసినప్పుడు ఆవులు జారుతున్నాయి. బండలు తీసేయాలా?

జవాబు: తీయనక్కర లేదు, కానీ ఆలస్యం చేయకండి. చూలు ఆవు జారి వెనక కాళ్లు చీలితే మళ్లీ లేవలేకపోవచ్చు. పశువులను బయట కట్టేసి, కోత మిషనుతో నాలుగు అంగుళాలకొకటి చొప్పున అర అంగుళం లోతు మించకుండా సన్నని గాళ్లు (గీతలు) అడ్డంగా, నిలువుగా తీయించండి. కాలువ వైపుకు తీసే గాళ్లలో నీళ్లు నిలవవు. అతుకుల్లో సిమెంటు రాలిపోయి ఉంటే నింపించండి, లేదంటే మూత్రం దిగి అడుగు కుంగుతుంది. కొత్తగా పరిచేవారు పాలిష్ పట్టని, గరుకు ముఖం ఉన్న బండలే అడిగి తెచ్చుకోవాలి.

ప్రశ్న: కర్నూలు జిల్లా ఆదోని వైపు మాది నల్లరేగడి. కట్టిన గోడలు రెండేళ్లకే పగులుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగి పగుళ్లిస్తుంది. పునాదిని గట్టి గరుసు పొర తగిలేదాకా దించాలి, అది మరీ లోతైతే రేగడిని తవ్వితీసి, గరుసు పోసి, తడుపుతూ పొరలు పొరలుగా దిమ్మిస వేయించాలి. తవ్వితీసిన ఆ నల్లమన్ను తిరిగి పునాది పక్కల పోయకూడదు. గోడ చుట్టూ మూడు అడుగుల బండపరుపు బయటికి వాలుగా వేయించి, చూరు నీళ్లు దూరంగా పోనివ్వండి. చెట్ల వేర్లు నేల తేమ లాగేసి అదే కుంగుడు తెస్తాయి కాబట్టి వేప, కానుగలను గోడకు దూరంగా నాటండి. పశువులకే అయితే గోడలు మానేసి, గుంజల మీద కప్పు నిలపడం మీ నేలకు అన్నిటికంటే క్షేమం.