పాఠకుల ప్రశ్నలు: పాటల్లేని రేడియో రోజంతా ఏం వినిపిస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగరీత్యా లండన్‌లో ఉంటున్నది. అక్కడ బీబీసీ రేడియో 4 అనే కేంద్రంలో తెల్లవారిన దగ్గర నుంచి అర్ధరాత్రి దాకా మాటలే తప్ప పాటలు రావని చెబుతున్నది. విశాఖపట్నం, కటక్ కేంద్రాలు వింటూ పెరిగిన మాబోటి వారికి ఇది వింతగా తోస్తున్నది. రోజంతా మాటలే అయితే విసుగు పుట్టదా? మన దేశంలో అటువంటి కేంద్రం ఎందుకు లేదు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మీ అమ్మాయి చెప్పినది నిజమే. హోమ్ సర్వీస్ అనే పాత ప్రసారం స్థానంలో 1967 సెప్టెంబరు 30న రేడియో 4 మొదలైంది. ఉదయపు వార్తా కార్యక్రమం ముగిశాక ఒకే రకం మాటను గంటకు మించి సాగనివ్వకపోవడమే అక్కడ విసుగుకు విరుగుడు. 1957లో పుట్టిన 'టుడే' సాధారణ దినాలలో ఆరు గంటల నుంచి తొమ్మిది దాకా వార్తలను, మంత్రులను నిలదీసే ముఖాముఖిలను వినిపిస్తుంది. అంత వాడివేడి చర్చ మధ్యలోనూ ఎనిమిదికి కొద్ది నిమిషాల ముందు, ఏదో ఒక మతానికి చెందిన వక్త మూడు నిమిషాలకు లోబడి ఒక ఆలోచన చెప్పి తప్పుకొంటాడు. పది గంటలకు 'ఉమన్స్ అవర్' వస్తుంది. ఇది 1946లో వేరొక ప్రసారంలో మొదలై 1973లో ఈ కేంద్రానికి చేరింది. వంటింటి సలహాలతో ఆగకుండా ప్రసవం, వేతనాలు, చట్టాలు, రాజకీయాల దాకా అన్నిటినీ స్త్రీల వైపు నుంచి చర్చిస్తుంది. మధ్యాహ్నం ఒంటి గంటకు మళ్లీ వార్తలు, ఆ తరువాత ముప్పావు గంట నాటకం, సాయంత్రం ఐదుకు వార్తా విశ్లేషణ, ఆరు గంటలకు బిగ్ బెన్ గంటలతో ప్రధాన వార్తలు, ఆరున్నరకు హాస్యం, రాత్రి పదిన్నర దాటాక నిద్రకు ముందు చదివి వినిపించే నవలాభాగం వస్తాయి.

ఇందులో మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది 'ఇన్ అవర్ టైమ్'. మెల్విన్ బ్రాగ్ 1998లో ప్రారంభించిన ఈ కార్యక్రమంలో ముగ్గురు విద్వాంసులు కూర్చుని ఒక వారం గణితశాస్త్రాన్ని, మరొక వారం ప్రాచీన చరిత్రను, ఇంకొక వారం తత్త్వశాస్త్రాన్ని, శ్రోత తెలివిని తక్కువగా అంచనా వేయకుండా, ముప్పావు గంటపాటు వివరిస్తారు. పాటలు బొత్తిగా రావనడం కూడా పూర్తిగా సరికాదు. 1942 నుంచి నడుస్తున్న 'డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్'లో అతిథి నిర్జన ద్వీపానికి తనతో తీసుకుపోదలచిన ఎనిమిది రికార్డులను ఎంచుకోవాలి. అయితే అక్కడ పాట కాస్తంత వినిపించి ఆగిపోతుంది, ఆ పాట వెనుక ఉన్న జీవితమే అసలు సంగతి.

ఇక మన సంగతి. 1950లలో మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టగా, శ్రోతలు రేడియో సిలోన్‌కు మరలిపోయారు. వారిని వెనక్కు రప్పించడానికి 1957 అక్టోబరులో వివిధ భారతి పుట్టింది. ఆ విధంగా పాటకు దేశవ్యాప్తంగా తనదంటూ ఒక ప్రసారం ఏర్పడింది కాని నాటకానికి, ప్రసంగానికి, చర్చకు, కథానికకు అటువంటిది ఏర్పడలేదు. అవి ఒక్కొక్క ప్రాంతీయ కేంద్రంలో సంగీతం పక్కన సర్దుకుని కూర్చున్నాయి. దీనికి నిర్లక్ష్యం కంటె భాషే పెద్ద కారణమని మా అభిప్రాయం. హిందీ పాటను పర్లాకిమిడిలో తెలుగువారూ ఒడియావారూ సవరలూ కలిసి వింటారు. హిందీలో అరగంట తత్త్వచర్చను ఎందరు వింటారు? రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోనే 22 భాషలున్న దేశంలో మాటల కేంద్రం ఒక్కటి పెడితే చాలదు, భాషకొకటి కావాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే తెలుగే పుస్తకాలకెక్కాలని వాదించారు, సవర భాషకు నిఘంటువు కూర్చారు. అటువంటి ఊరికి రోజంతా మాటలు వినిపించాలంటే ఒకే కేంద్రంలో మూడు భాషలకు వేళలు పంచవలసి ఉంటుంది. అది కష్టమే కాని అసాధ్యమని మేము అనుకోవడం లేదు.

ప్రశ్న: ఆ మాటల రేడియోలో రైతుకు ఏమైనా చోటు ఉందా, లేక అంతా పట్నవాసుల గోలేనా?
– రైతు, గుణుపురం

జవాబు: రైతుకే మొదటి పీట వేశారు. తెల్లవారుజామున 5:45కు 'ఫార్మింగ్ టుడే' వస్తుంది. అయితే ఆ దేశంలో వ్యవసాయాన్ని ఇంటింటికీ చేర్చినది అది కాదు, 'ది ఆర్చర్స్' అనే ధారావాహిక నాటకం. రెండవ ప్రపంచయుద్ధం తరువాత తిండిగింజలకు కటకటగా ఉన్న రోజులలో, కొత్త సాగు పద్ధతులను రైతులకు చెప్పడానికి వ్యవసాయ శాఖ సలహాలతో దీనిని రూపొందించారు. 1951 జనవరి 1 నుంచి ఇది దేశమంతటా ప్రసారమవుతున్నది, ఇరవై వేల భాగాలు దాటింది. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత గ్రామంలో పాడి, పంట, పెళ్లి, తగాదా, పొలాల పంపకం అన్నీ కథలో భాగాలే. పశువుకు ఏ జబ్బు వస్తే ఏం చేయాలో ఉపన్యాసంగా చెబితే మరచిపోయే మనిషి, కథలో పొరుగింటి ఆవుకు వచ్చినప్పుడు గుర్తు పెట్టుకుంటాడు. పాఠం చెప్పే బాధ్యత 1970ల తొలినాళ్లకే తీరిపోయినా, కథ మాత్రం ఆగలేదు.

మన దేశమూ ఈ విషయంలో వెనుకబడలేదు. 1956లో పూనా పరిసర గ్రామాలలో యునెస్కో తోడ్పాటుతో రేడియో గ్రామీణ గోష్ఠులను ప్రయోగించారు. గ్రామస్థులు ఒకచోట చేరి కార్యక్రమం విని, అక్కడికక్కడే చర్చించి, తమ సందేహాలను కేంద్రానికి తిప్పి పంపేవారు. 1960లలో తంజావూరు రైతులు ఒక కొత్త వరి వంగడాన్ని రేడియోలో విని సాగు చేసి, దానికి 'రేడియో వడ్లు' అనే పేరే పెట్టారు. మనకు లోపించినది సమాచారం కాదు, ఏళ్ల తరబడి అదే వేళకు ఆగకుండా నడిచే కథ.

ప్రశ్న: మేము గోపాల్‌పూర్‌లో వేటకు వెళ్లే వాడబలిజలం. ఇంగ్లండులో ఓడలు లేని వారు కూడా సముద్రపు వాతావరణ వార్తలను ఇష్టంగా వింటారని విన్నాను. ఎందుకు?
– మత్స్యకార యువకుడు, గోపాల్‌పూర్

జవాబు: దానిని 'షిప్పింగ్ ఫోర్‌కాస్ట్' అంటారు. బ్రిటిష్ దీవుల చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 ప్రాంతాలుగా విభజించి, వైకింగ్‌తో మొదలుపెట్టి, ఎన్నడూ మారని వరుసలో గాలి, వాన, చూపు ఆనే దూరం ఎలా ఉంటాయో చదువుతారు. మాటలు క్లుప్తంగా, క్రియాపదాలు దాదాపు లేకుండా ఉంటాయి. పడవలో గాలిహోరు మధ్య రాసుకునే మనిషి కోసం ఏర్పడిన భాష అది. ఒకే వరుస, ఒకే లయ కావడం వల్ల, ఇంట్లో పడుకున్న వారికి అది జోలపాటయింది. తుపాను హెచ్చరికలను 1861లో ఆరంభించిన నౌకాధికారి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ పేరును 2002లో అందులోని ఒక ప్రాంతానికి పెట్టారు. వాతావరణ శాస్త్రవేత్తకు దక్కిన గౌరవాలలో ఇంతకంటె సముచితమైనది మాకు తెలియదు.

మీకు మాత్రం అది జోల కాదని మాకు తెలుసు. 2013 అక్టోబరులో ఫైలిన్ మీ తీరాన్నే తాకింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లా కొండలను సైతం విడిచిపెట్టలేదు. కరెంటూ ఫోనూ పోయిన అటువంటి రాత్రి బ్యాటరీ రేడియో ఒక్కటే పలుకుతుంది. అందువల్ల వాతావరణ శాఖ చెప్పే జాలరుల హెచ్చరికలను గాలి నెమ్మదిగా ఉన్న రోజులలోనూ అలవాటుగా వినవలసిందని మా మనవి. అలవాటు లేని చెవి అసలు రోజున సగం మాటలు జారవిడుస్తుంది.

ప్రశ్న: ఇక్కడి నుంచి ఆ కేంద్రం వినవచ్చునా? వేళలు ఎలా లెక్కపెట్టుకోవాలి?
– విద్యార్థిని, రాయగడ

జవాబు: గాలిలో అందదు, ఇంటర్నెట్ ద్వారా వినవచ్చు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మన గడియారం వారికంటె నాలుగున్నర గంటలు ముందుంటుంది, మిగిలిన కాలంలో ఐదున్నర గంటలు. ఆ లెక్కన 'టుడే' వేసవిలో మనకు ఉదయం 10:30కు, చలికాలంలో 11:30కు మొదలవుతుంది. సాయంత్రం ఏడింటి 'ఆర్చర్స్' కోసం వేసవిలోనైతే రాత్రి 11:30 దాకా మేలుకోవాలి. వారి అర్ధరాత్రి దాటాక 12:48కి చదివే సముద్ర వాతావరణం మాత్రం వేసవిలో మనకు వేకువ 5:18కి, చలికాలంలో 6:18కి వస్తుంది.