కొబ్బరిచెట్ల కింద ఎనిమిది నెలలున్న బండి ఘాట్ ఎక్కుద్దా?

ప్రశ్న: నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా బావగారు పాత ట్రావెలర్ వ్యాన్ కొని మోటార్‌హోమ్‌లా చేయించుకున్నారు, లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, 150 లీటర్ల నీళ్ల ట్యాంకు, పైన సోలార్ ప్యానెల్, అన్నీ ఉన్నాయి. ఎనిమిది నెలల్నించీ మా దొడ్లో కొబ్బరిచెట్ల కిందే ఉంది. సంక్రాంతి వెళ్లాక పిల్లలతో అయిదుగురం మారేడుమిల్లి మీదుగా చింతూరు దాకా వెళ్దామనుకుంటున్నాం. మెకానిక్‌ని పిలిస్తే సెల్ఫ్ కొట్టి, సౌండ్ విని, సూపరండి వెళ్లిపోండి అన్నాడు. ఇంకేమన్నా చూపించాలంటారా?

జవాబు: ఆయ్, సౌండ్ బానే ఉండుంటదండి, నా భయం ఇంజన్ గురించి కాదు. తిరిగే బండి కంటే నిలబెట్టేసిన బండే ఎక్కువ పాడవుద్ది, అందులోనూ మన కోనసీమ చెమ్మలో.

ముందు బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చేసుకుంటదండి. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, అదే నీరు పట్టిందంటే 140 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే లైన్లో ఆవిరి చేరుద్ది, అప్పుడు పెడల్ తొక్కితే దూదిలో కాలేసినట్టు లోపలికి పోద్ది తప్ప బండాగదు. మనకిక్కడ ఇది బయటపడదు, ఎందుకంటే మనది బల్లపరుపు నేల, మనకి ఘాట్ అంటే ఏటిగట్టు ఎక్కడమే కదా, రావులపాలెం దాకా పదిసార్లు వెళ్లొచ్చినా బ్రేకులు భేష్ అనుకుంటాం. నాకు మారేడుమిల్లి దిగేటప్పుడే తెలిసొచ్చింది, మూడో మలుపులో పెడల్ మెత్తబడిపోయింది, సెకండ్ గేర్లో పడేసి హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాక్కుంటూ ఆపాను, వెనకసీట్లో మా ఆవిడ నిద్రపోతా ఉంది, ఇప్పటికీ చెప్పలేదు. అంతకు నాలుగేళ్లుగా ఆ ఆయిల్ మార్చలేదు, తప్పు నాదే. రెండేళ్లకోసారి మార్చాలి, మీరైతే వెళ్లేముందు మార్పించెయ్యండి. పన్లో పని నాలుగు చక్రాలూ విప్పించి వీల్ సిలిండర్లు (చక్రం లోపల బ్రేకుని నొక్కేవి) కారుతున్నాయేమో, డ్రమ్ములు తుప్పు పట్టాయేమో చూపించండి. చక్రాలు విప్పకుండా "చూసేశానండి" అంటే చూడనట్టే. బిగించాక ఓ యాభై కిలోమీటర్లు తిరిగి బోల్టులు మళ్లీ టైట్ చెయ్యాలి.

టైర్ల మీద పువ్వు, అదే గ్రిప్పు గాళ్లు, చూసి మోసపోకండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటయ్, 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే పువ్వెంతున్నా తీసెయ్యమనే నేనంటాను, ఒకేచోట నిలబడ్డ టైరుకి పక్కల్లో సన్నటి పగుళ్లొస్తయ్. స్టెప్నీ కూడా అంతే, దాన్నైతే ఎవరూ చూడరు.

తర్వాత బరువు. 150 లీటర్ల నీళ్లంటే 150 కేజీలు, దానిమీద మంచాలు, ప్లైవుడ్డు, బ్యాటరీలు, మీరు అయిదుగురు, మీ అత్తగారు కట్టిచ్చే సున్నుండల డబ్బా. సామానంతా సర్దేసి దగ్గర్లో రైస్ మిల్లు కాటాకి తీసుకెళ్లండి. మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి తూయించి, మొత్తం ఆర్సీలో రాసిన బరువు దాటిందేమో చూడండి. దాటితే నీళ్లు సగమే నింపుకోండి, దారిలో దొరుకుతాయి. వెనకే ఎక్కువ పడిందంటే సామాను ముందుకి జరపండి.

సార్వా కోతలయ్యాక చేలో ఎలకలన్నీ ఎక్కడికెళ్తాయో మీకు నేను చెప్పాలా? బానెట్ ఎత్తి టార్చ్ వేసి వైర్లు, హోసు పైపులు చూడండి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కట్టినా కట్టుంటది. డీజిల్ ట్యాంకు సగమే ఉంచి వదిలేస్తే లోపల చెమ్మ నీరౌద్ది, ఫిల్టర్ కింద మర విప్పి ఆ నీళ్లు వదిలెయ్యండి. బ్యాటరీలు ఫుల్ చార్జ్ చేసి ఓ రాత్రి వదిలేశాక మీటర్ పెడితే 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, 12కి వచ్చేసిందంటే దాన్ని నమ్ముకుని అడివిలో పడుకోవద్దు. రాత్రి బండి కింద అట్టపెట్టె చింపి పరిచి పొద్దున్నే చూడండి, నల్లగా పడితే ఇంజనాయిలు, పచ్చగానో గులాబీ రంగులోనో జిగురుగా ఉంటే ఇంజన్ని చల్లబరిచే కూలెంటు, చక్రం వెనకాల పడిందంటే బ్రేక్ ఆయిలే అనుకోండి.

ఇంకోటి, కొబ్బరిచెట్ల కింద అన్నారుగా, నిచ్చెనేసుకుని టాపు ఎక్కి చూడండి, ఓ బొండం పడితే చాలు ప్యానెల్ అద్దం పగలడానికి, గాలి కిటికీ చుట్టూ సీలు లేచిపోడానికి.

ఇవన్నీ అయ్యాక నేరుగా ఘాటుకి పోవద్దు. ఫుల్ లోడుతో ధవళేశ్వరం దాకా వెళ్లి, రాత్రి బండిలోనే పడుకుని, వంట కూడా చేసుకుని రండి. ఘాట్‌లో దిగేటప్పుడు ఎక్కిన గేర్లోనే దిగాలి, బ్రేక్ మీద కాలు ఆన్చి ఉంచకూడదు, న్యూట్రల్ మాటే ఎత్తొద్దు.

ప్రశ్న: (అదే ఉత్తరంలో) గ్యాస్ బండ లోపల పెట్టుకోవచ్చాండి?

జవాబు: వంటగ్యాస్ గాలి కంటే బరువండి, లీకైతే నేలమీదే పరుచుకుంటది, అందుకని బండ పెట్టేచోట నేల దగ్గర గాలి పోయే కన్నం ఉండాలి, పైన కిటికీ ఉంది కదా అంటే సరిపోదు. జాయింట్లకి సబ్బునురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్లతో కాదు, మా పెదనాన్నగారు అలాగే చూసి మీసాలు పోగొట్టుకున్నారు. బండి కదిలేముందు బండ దగ్గరే వాల్వ్ కట్టెయ్యాలి. చలేస్తుందని రాత్రి పొయ్యి వెలిగించి తలుపులేసుకుని మాత్రం పడుకోకండి, దుప్పట్లు రెండెక్కువ పట్టుకెళ్లండి.