చెప్పగలిగిన పిల్లలు రాయలేకపోవడం ఎందుకు?

ప్రశ్న: అంబాజీపేట ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి తెలుగు బోధిస్తున్నాను. వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలపై దేవుళ్లను మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి అడిగితే గంటసేపు చెప్పే పిల్లలు, అదే రాయమంటే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతున్నారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి వ్యాసరచన పోటీ పెడితే ముగ్గురే పేర్లిచ్చారు. వీరికి రాసే ధైర్యం ఎలా కలుగుతుంది?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, గంటసేపు చెప్పగలిగిన వారికి విషయానికి కొరత లేదు, కాగితం మీద పెట్టిన ప్రతి అక్షరమూ తప్పొప్పుల లెక్కలోకి పోతుందన్న భయమే వారి చేతిని ఆపుతున్నది. కాబట్టి మొదట రాసినది చిత్తుప్రతి మాత్రమేనని, దానికి మార్కులు ఉండవని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

‘మన పండుగలు’ అని శీర్షిక ఇస్తే గైడులోని వాక్యాలే తిరిగి వస్తాయి. అలా కాక, కనుమనాడు ప్రభను భుజాన మోస్తూ జనం కౌశిక కాలువ దాటేటప్పుడు గట్టు మీద నిలబడి తాను చూసినది మాత్రమే రాయమనండి. లేదా కొబ్బరితోటలో దింపు తీసిన (కాయలు దించిన) రోజున ఎవరు చెట్టెక్కారు, కాయలు ఎక్కడ రాశి పోశారు, కాయల పీచు వలిచే వలుపువారు ఏం మాట్లాడుకున్నారు అన్నది ముందుగా పక్కనున్న స్నేహితునికి చెప్పించి, అతడు అడిగిన ప్రశ్నలకు సమాధానాలు కలుపుకొని రాయించండి. ‘దింపు’, ‘వలుపు’ వంటి మాటలు రాయవచ్చా అని పిల్లలు తప్పక అడుగుతారు. రాయవచ్చని గట్టిగా చెప్పండి. జనం మాట్లాడే భాషకు రాతలో చోటు కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి జయంతినే మనం భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజున పిల్లలు తమ ఇంటి మాటను దాచుకుని, బట్టీ పట్టిన మాటలతో పోటీకి రావలసి రావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

దిద్దుబాటు మరునాటికి ఉంచండి. ఒకరి రచనను మరొకరు పైకి చదివితే, చదువరి తడబడిన చోటే రాసినవారికి తమ వాక్యం ఎక్కడ చిక్కుపడిందో తెలుస్తుంది. మీరు మాత్రం ఒక వారం ఒత్తులు, మరో వారం ‘శ, ష, స’లు, ఇలా ఒక్కో రకం తప్పునే దిద్దండి, ఎందుకంటే పేజీ నిండా ఎర్ర సిరా పడితే వేటిని ముందు సరిచేసుకోవాలో పన్నెండేళ్ల పిల్లలకు తోచదు. అంచున విషయం గురించి ఒక్క వాక్యం రాయడం మరువవద్దు.

మార్కుల కోసం కాక, చదివే మనిషి కోసం రాసే అవకాశం కూడా కల్పించండి. కోనసీమలో తల్లి గల్ఫ్‌లో పనికి వెళ్లగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మీ తరగతిలోనూ ఉండవచ్చు. ఇష్టపడితే వారు రాసిన పేజీని ఫోటో తీయించి తల్లికి పంపించండి. జవాబు వస్తే, దానిని మొదట ఆ పిల్లలనే చదువుకోనివ్వండి.