ఆవిరి ఇంజను జ్ఞాపకం రాసేవారికి

చిరంజీవికి,

నీ చిత్తుప్రతి చదివాను. నూర్పిళ్ల నాటి ఆవిరి ఇంజను మీద ఇష్టం ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. అయితే మంట పెట్టగానే ఇంజను తిరిగిందని రాశావు. చల్లగా ఉన్న బాయిలరు పనికి సరిపడా ఆవిరి పుట్టించాలంటే గంటన్నరో రెండు గంటలో పడుతుంది. ఆ ఎదురుచూపును పోగొట్టుకోకు. మంట పెట్టకముందే బూడిద లాగుతారు, బాయిలరు గొట్టాల్లో మసి తోముతారు; పిల్లలకు ఏమీ జరగనట్టుండే ఆ వేళలో నూనె గిన్నెలు నింపుతారు. ముందు ఆ వరస రాసుకో, నీ జ్ఞాపకాలు వాటంతటవే వరసలోకి వస్తాయి.

బయల్దేరేటప్పుడు సిలిండరు కింది కుళాయిలు తెరుస్తారు, నీళ్లూ ఆవిరీ బుస్సుమని చిమ్ముతాయి. ఆవిరి చల్లబడి చేరిన నీరు లోపల ఉండిపోతే పిస్టను ఎంత నొక్కినా అది కుదించుకుపోదు, సిలిండరు మూతే పగులుతుంది. ఒంటి సిలిండరు ఇంజను పిస్టను ఒక్కోసారి సరిగ్గా చివరన ఆగిపోతుంది. అప్పుడు పెద్ద చక్రాన్ని చేత్తో కాస్త తిప్పాల్సిందే. పిల్లవాడి కంటికి ఇది మరపురాని దృశ్యం, నీ ప్రతిలో లేదు.

శబ్దం దగ్గర ఇంకా ఆగు. వాడేసిన ఆవిరి పొగగొట్టంలోంచి పోతూ మంటకు గాలి లాగుతుంది. ఒంటి సిలిండరైతే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి రెండు ఛుక్కులు. తడిసిన పన ఒక్కసారిగా నూర్పిడి యంత్రంలో పడితే చక్రం మందగిస్తుంది, వేగాన్ని అదుపు చేసే గవర్నరు గుండ్లు కిందికి దిగి ఆవిరి దారిని పెద్దది చేస్తాయి, ఛుక్కులు బరువెక్కుతాయి, పొయ్యి ఎర్రబడుతుంది. "యంత్రం మూలిగింది" అన్న నీ మాట కన్నా ఇది రాస్తే చదివేవాడికి వినిపిస్తుంది.

తెల్లటి ఆవిరి అన్నావు. అసలు ఆవిరి కంటికి కనపడదు. ఒత్తిడి మించితే ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వు మూతి దగ్గర కాస్త మేర ఖాళీగా ఉండి, ఆ పైనే తెల్లని మేఘం మొదలవుతుంది.

బాయిలరు పేలుతుందన్న భయానికీ కారణం చెప్పు. బాయిలరులోని పొయ్యి కప్పు మీద ఎప్పుడూ నీరుండాలి. లేకపోతే ఇనుము ఎర్రగా కాలి మెత్తబడి, పైనున్న ఒత్తిడికి లొంగిపోతుంది. అందుకే కప్పులో సీసం నింపిన బిరడా ఉంటుంది. అది ముందే కరిగి మంట మీదికి ఆవిరిని వదిలి హెచ్చరిస్తుంది. డ్రైవరు మాటిమాటికీ నీటి మట్టం చూపే గాజుగొట్టం వైపు చూసేది ఇందుకే. ఈ కారణం పెద్దయిన నీ గొంతులో ఒక్క వాక్యంగా రావాలి, పిల్లవాడి నోట పెట్టకు. వాడికి కనపడేది ఆ చూపు మాత్రమే.

చివరగా ఇంజను నుంచి నూర్పిడి యంత్రానికి వేసే బెల్టు. తిన్నగా వేశారా, మెలితిప్పి వేశారా? మెలితిప్పితే అవతలి చక్రం ఎదురు తిరుగుతుంది, పట్టూ ఎక్కువ. నిప్పురవ్వలు ఎగిరిపడకుండా ఇంజనును గడ్డికి దూరంగా, గాలివాలున నిలుపుతారు కాబట్టే అంత పొడుగు బెల్టు. నీ ప్రతిలో ఇంజను గడ్డివాము పక్కనే ఉంది. దాన్ని జరిపి, గాలి ఎటు వీస్తోందో రాసి, మళ్లీ పంపు.

ఆశీస్సులతో.