67 ఏళ్ల వయసు, షుగర్, బీపీ.. ఒంటరిగా హాస్టళ్లలో దిగుతూ ఊళ్లు తిరగొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 67. టీచరుగా రిటైరై కావలిలో ఉంటున్నాను. మావారు పోయి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ తిరుపతి, శ్రీశైలం తప్ప పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. ఇప్పుడు భుజానికి ఒక బ్యాగు తగిలించుకుని హంపి, గోకర్ణం, ఆ తర్వాత రిషికేశ్, వీలైతే కేదార్‌నాథ్ చూసి రావాలని ఉంది. లాడ్జిలో గది తీసుకుని ఒక్కదాన్నే కూర్చోవడం ఇష్టం లేదు. నలుగురితో మాట్లాడొచ్చని డార్మిటరీ (చాలామంది కలిసి పడుకునే గది) ఉన్న ప్రయాణికుల హాస్టళ్లలోనే దిగాలనుకుంటున్నాను. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రోజూ రెండు పూటలా, బీపీకి టెల్మిసార్టన్‌తో కలిపి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) రాత్రిపూట వేసుకుంటాను. రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేస్తాను. మోకాళ్లు కాస్త నొప్పి. గుండె జబ్బు లేదు. పిల్లలు మాత్రం ‘ఈ వయసులో ఒంటరిగా ఏంటమ్మా’ అంటున్నారు. మీరేమంటారు?
- ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: వెళ్లొచ్చమ్మా. మీరు రాసినదాంట్లో ప్రయాణం మానుకోవాల్సిన కారణమేదీ నాకు కనిపించలేదు. భర్తో, భార్యో పోయాక ఇల్లు కదలకుండా కూర్చుండిపోయే పెద్దవాళ్లను నేను రోజూ చూస్తుంటాను. చూస్తుండగానే కాళ్లలో బలం తగ్గిపోతుంది, షుగర్ పెరుగుతుంది, మనుషులతో మాటలు కూడా తగ్గిపోతాయి. నడిచి ఊళ్లు చూస్తానంటున్న మిమ్మల్ని వయసు పేరు చెప్పి ఆపను. అయితే మీ మాత్రల్లో ఒకదాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి.

అది గ్లిమెపిరైడ్. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అది పని చేస్తూనే ఉంటుంది. హంపిలో పొద్దుట్నుంచీ విఠలాలయం, మాతంగ కొండ అని తిరిగారనుకోండి. ఇంట్లో నడిచేదానికి మూడు నాలుగింతలు నడుస్తారు. రాత్రి అక్కడి భోజనం నోటికి నచ్చక రెండు ముద్దలు తిని లేచారు. మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకున్నారు. అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోవడానికి అది చాలు. ఇంట్లో అయితే ఎవరో ఒకరు గమనిస్తారు. డార్మిటరీలో మంచానికి పరదా లాగి ఉంటుంది. అమ్మ గారు అలిసిపోయి నిద్రపోతున్నారులే అనుకుంటారు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే.

చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి దీని గుర్తులు. పెద్దవయసులో ఇవేవీ లేకుండా మాట తడబడటం, తికమక మాత్రమే రావొచ్చు. గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలుపుకుని వెంటనే తాగండి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి. పెరిగాక ఏదైనా తినండి. ఇలాంటప్పుడు చాక్లెట్ మీద ఆధారపడకండి. దాంట్లో కొవ్వు ఉండటం వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా వెళ్తుంది. ఈ మాత్ర వల్ల పడిన షుగర్ ఒకసారి సర్దుకున్నా కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. కాబట్టి ఆ రాత్రికి ఒంటరిగా పడుకోకుండా ఆస్పత్రికి వెళ్లడం మంచిది.

అందుకే ప్రయాణానికి కనీసం నెల ముందే మీ డాక్టర్‌ని కలవండి. రోజూ ఎంత నడవబోతున్నారో చెప్పి, గ్లిమెపిరైడ్ తగ్గించాలా, షుగర్ పడిపోయే భయం తక్కువున్న మరో మందుకు మార్చాలా అని అడగండి. మారిస్తే ఆ కొత్త మందు మీ ఒంటికి ఎలా పడుతుందో ఇంటి దగ్గరే తెలియాలి. రైలెక్కే ముందు రోజు మార్చుకోవద్దు, సొంతంగా సగం చేసి వేసుకోవద్దు.

హాస్టల్‌లో దిగగానే మీ పక్క మంచంలో ఉన్న అమ్మాయికీ, రిసెప్షన్‌లోనూ ఒక మాట చెప్పండి. ‘నాకు షుగర్ ఉంది. తికమకపడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడినా తాగడానికి తీపి ఇవ్వండి. పిలిచినా పలకకపోతే, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కో 112కో ఫోన్ చేయండి’ అని. ఇదే విషయం, మీ మందుల పేర్లు, పిల్లల నంబరు ఇంగ్లిష్‌లో, హిందీలో రాసిన కార్డు మెడలోనో పర్సులోనో ఉండాలి. చెప్పడానికి మొహమాటపడతారేమో. పిల్లల వయసు వాళ్లే కదా ఉండేది, చెబితే సంతోషంగా చూసుకుంటారు.

బంక్ బెడ్లలో కింది మంచమే కావాలని బుక్ చేసేటప్పుడే అడిగి ఖాయం చేసుకోండి. కొన్ని హాస్టళ్లు డార్మిటరీకి వయసు పరిమితి పెడతాయి. అదీ ముందే అడగండి. రాత్రి రెండుసార్లు లేచే మనిషి చీకట్లో నిచ్చెన దిగడం, తడి బాత్రూమ్‌లో నడవడం తుంటి ఎముక విరగ్గొట్టుకునే దారి. మీ నీళ్ల మాత్రను రాత్రి నుంచి ఉదయానికి మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి. చాలామందికి మారుస్తాం, రాత్రి లేవడం తగ్గుతుంది. లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి. బీపీ మందులు వాడేవారికి ఒక్కసారిగా నిలబడితే కళ్లు తిరుగుతాయి. దిండు కింద చిన్న టార్చి, మంచం పక్కనే జారని చెప్పులు పెట్టుకోండి.

ఇక పాదాలు. పన్నెండేళ్ల షుగర్ తర్వాత అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, మీకు తెలియకుండానే. హంపి అంతా బండరాళ్లే. మధ్యాహ్నం గుడిలో ఉత్త కాళ్లతో నడిస్తే బొబ్బ వచ్చినా నొప్పి తెలియదు, రెండు రోజుల తర్వాత పుండై కనిపిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి. గుడిలోకి మందపాటి సాక్సులతో వెళ్లండి, దేవుడు ఏమీ అనుకోడు. గోకర్ణం ఇసుకలో కూడా చెప్పులు విప్పొద్దు. రోజూ రాత్రి ఫోన్ కెమెరాతో అరికాళ్లు ఫొటో తీసి చూసుకోండి.

బ్యాగు బరువు మీ బరువులో పదోవంతు దాటకూడదు. 60 కిలోలు ఉంటే ఆరు కిలోలు. నడుముకు బెల్టు ఉన్న బ్యాగు కొనండి, బరువు భుజాల మీద కాక తుంటి మీద పడుతుంది. నేల మీద నుంచి ఒక్క ఊపులో ఎత్తకుండా బల్ల మీద పెట్టి తగిలించుకోండి. ఎముకలు పలచబడిన ఆడవాళ్లకు ఆ ఊపులోనే వెన్నుపూస నలిగిన సందర్భాలు ఉన్నాయి. రోజూ ఉదయం నడకకు అదే బ్యాగు వేసుకుని వెళ్లండి. నెల తర్వాత దగ్గర్లోని పెంచలకోనకో మైపాడుకో ఒక్కరే వెళ్లి ఒక రాత్రి ఉండి రండి. ఏది మరిచిపోయారో, ఏది అనవసరంగా మోశారో అక్కడే తెలిసిపోతుంది.

విరేచనాలు పట్టుకుంటే షుగర్ ఉందని ఓఆర్ఎస్ మానేయకండి. లీటరు నీళ్లలో ఒక పెద్ద ప్యాకెట్ కలిపి తాగండి. వాంతులు, విరేచనాలు ఆగకుండా ఉన్నప్పుడు టెల్మిసార్టన్, నీళ్ల మాత్ర కిడ్నీకి భారమవుతాయి, మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోవచ్చు. ఆ రోజుల్లో ఏవి ఆపాలో మీ డాక్టర్‌తో ముందే కాగితం మీద రాయించుకోండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకుని వెళ్లండి, పది మంది ఒకే గదిలో పడుకుంటే దగ్గు తొందరగా అంటుతుంది. నల్లుల వల్ల దురదే తప్ప జబ్బులు వస్తాయన్న భయం అక్కర్లేదు. మందులు రెండింతలు పట్టుకుని, చేతి సంచిలోనే ఉంచండి. రైల్లో గంటకోసారి లేచి నడవండి.

కేదార్‌నాథ్ మాత్రం ఈసారి వద్దు. రిషికేశ్ 400 మీటర్ల ఎత్తు కూడా లేదు. కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్లు. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లకు పైనే ఎక్కాలి. ఆక్సిజన్ తక్కువ, చలి ఎక్కువ, కొన్ని గ్లూకోమీటర్లు ఆ చలిలో సరిగా చూపించవు. హెలికాప్టర్‌లో వెళితే ఒంటికి అలవాటు పడే సమయమే ఉండదు. ముందు తిరుమలకు శ్రీవారి మెట్టు దారిలో ఆ 2,000కు పైగా మెట్లు ఆయాసం, ఛాతీ బరువు లేకుండా ఎక్కగలరేమో చూసుకోండి. వచ్చే ఏడాదికి గుండె పరీక్షలు చేయించుకుని, ఎవరైనా తోడుగా వెళ్దురుగాని.

మీ పిల్లలతో ఒక ఒప్పందం చేసుకోండి. రోజూ ఉదయం ఎనిమిదింటికి మీరు ఫోన్ చేయాలి. ఎనిమిదిన్నర దాటినా రాకపోతే వాళ్లు హాస్టల్ రిసెప్షన్‌కి ఫోన్ చేసి మీ మంచం దగ్గరికి మనిషిని పంపమనాలి. రాత్రి ఫోన్ కన్నా ఈ ఉదయం ఫోనే ముఖ్యం, ఎందుకంటే నిద్రలో షుగర్ పడితే మీకూ పక్కవాళ్లకూ తెలియకపోవచ్చు.

ఈ లోగా మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈసీజీ, కంటి రెటీనా, పాదాల స్పర్శ పరీక్షలు చేయించండి. రిపోర్టులు మీ డాక్టర్ చూశాకే టికెట్లు బుక్ చేసుకోండి. మహిళలకు 45 దాటితే రైల్లో లోయర్ బెర్త్ కోటా ఉంది, బుకింగ్‌లో ఆ కోటా ఎంచుకోవడం మరవకండి.