రిపోర్టులు బాగున్నాయని ఊరుకోవద్దు

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. రిపోర్టులు బాగానే ఉన్నాయట. ఆయన మాత్రం ‘నా పని అయిపోయింది’ అంటూ ఎవరితోనూ మాట్లాడరు. నీరసంగా ఉందని పోయిన నెల రెండుసార్లు డయాలసిస్ మానేశారు. పాత చీటీ చూపించి నిద్రమాత్రలు, నొప్పుల మాత్రలు తెచ్చుకుంటున్నారు. ఆయనకు ధైర్యం ఎలా చెప్పాలి?

జవాబు: ధైర్యం సంగతి తర్వాత చూద్దాం. ముందు నాకు భయం వేస్తున్నది ఆ రెండు రోజుల గురించి. డయాలసిస్ ఒక్కసారి తప్పినా నీరు, పొటాషియం ఒంట్లోనే ఉండిపోతాయి. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ముందుగా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కూడా. ఆయాసం, దడ, కాళ్లలో సత్తువ లేకపోవడం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక మాత్రలు. ఇది ఎన్నిసార్లు చెప్పినా వినరు, అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నాను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పుల మాత్రలు వేసుకుంటే వస్తున్న ఆ కాస్త మూత్రం కూడా తగ్గిపోవచ్చు, కడుపులో రక్తస్రావం కావచ్చు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. మామూలు డోసు వేసుకుంటే ఒంట్లో పేరుకుని మగత, తూలు వస్తాయి. నీరసానికి ఇవే కారణమేమో, ఆయన్ని చూడకుండా చెప్పలేను. నిద్రమాత్ర రోజూ వాడుతుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపకండి, డాక్టరుతో మాట్లాడి తగ్గించాలి.

‘రిపోర్టు బాగుంది కదా, ఇంకేంటి?’ అని ఆయనతో అనకండి. బాగాలేదని పేషెంట్ చెప్పే మాట మాకు రిపోర్టంత ముఖ్యం. డయాలసిస్ గదిలో ఒకరు బరువు చూసుకుంటారు, ‘ఇవాళ ఎంత నీరు తీశారు?’ అని అడుగుతారు. పక్క బెడ్‌లో ఇంకొకరు నాలుగు గంటలూ దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకుంటారు. నాకు ఆ రెండో మనిషి గురించే బెంగ. జబ్బు వైపు చూడలేకపోతున్నవాళ్లు డయాలసిస్ కూడా తప్పించుకోవాలని చూస్తారు. అది మొండితనం కాదు, డిప్రెషన్ కావచ్చు. డయాలసిస్ పేషెంట్లలో ఇది చాలా మామూలు, చికిత్స ఉంది. కాకపోతే నీరసం, నిద్రలేమి, ఆకలి లేకపోవడం రక్తం తక్కువైనా, డయాలసిస్ సరిపోకపోయినా వస్తాయి. అందుకే హిమోగ్లోబిన్, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) మళ్లీ చూడమని అడగండి. ‘బతికి ఏం లాభం’ అన్నారంటే ఆయన్ని ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

ఈసారి డయాలసిస్‌కు మీరూ వెంట వెళ్లండి. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, సగం వాడినవి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లి అక్కడి డాక్టరు ముందు పెట్టండి.