ఫోర్ బై ఫోర్ వేస్తే బండి గుంజుతోందా? ముందు నేల చూడండి

రెండు నెలలుగా బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా అన్నయ్య ఇంట్లో ఉంటున్నాను. సాయంత్రమైతే అమెరికా ప్రయాణం పెట్టుకున్న పిల్లలు ఎవరో ఒకరు వస్తారు. 22 ఏళ్లుగా మిన్నెసోటాలో, డులూత్‌లో కాపురం ఉంటున్నదాన్ని కదా, బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి చలి బూట్ల దాకా అన్నీ అడుగుతారు. ఈసారి సందేహం అటు నుంచే వచ్చింది.

మా మేనల్లుడు ఆగస్టులో మిషిగన్ రాష్ట్రంలోని హోటన్‌కి ఎమ్మెస్ చదువుకోవడానికి వెళ్లాడు. సుపీరియర్ సరస్సు గాలి తగిలే ఊరు. ఏడాదికి సగటున 200 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. వాడూ రూమ్‌మేటూ కలిసి 20 ఏళ్ల నాటి ఫోర్ బై ఫోర్ పికప్ కొన్నారు, అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందించగల బండి. ఒకరోజు పొద్దున నేను కాఫీ కలుపుతుంటే వాడి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అత్తా, ఫోర్-హై వేసి పార్కింగ్‌లో మలుపు తిప్పితే బండిని వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు గుంజుతోంది. ధడ్ ధడ్‌మని ఎగురుతోంది. గేర్‌బాక్స్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. గ్యారేజీలో అడిగితే మొత్తం విప్పి చూడాలంటున్నారు."

వెంటనే ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "నేల ఎలా ఉంది నాన్నా?"

"మంచంతా తోసేశారత్తా. తారు పొడిగా ఉంది."

సగం జబ్బు అక్కడే తేలిపోయింది. పాత పికప్‌లలో ఎక్కువ వాటికి ఉండేది పార్ట్-టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే మనం వేసినప్పుడే నాలుగు చక్రాలూ లాగే రకం. ఫోర్-హై, అంటే మామూలు వేగంలో నాలుగు చక్రాలూ లాగే మీట, వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) ముందు చక్రాలకు పోయే షాఫ్ట్‌నీ వెనక చక్రాలకు పోయే షాఫ్ట్‌నీ కలిపి బిగించేస్తుంది. ఇక రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. కానీ మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనక చక్రాలు లోపలి నుంచి చిన్న చుట్టులో వచ్చేస్తాయి. మంచు మీదో బురదలోనో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద జారే వీలుండదు. తడిబట్టను ఇద్దరు చెరో వైపు పట్టుకుని పిండినట్టు షాఫ్టులు మెలి పడతాయి. ఆ మెలి ఒక్కసారిగా వదిలినప్పుడు బండి ఎగురుతుంది. అది రిపేరు కాదు, ఆ బండి తీరే అంత. అయితే అలాగే తిప్పుతూ పోతే మాత్రం నిజంగానే ఏదో ఒకటి విరుగుతుంది. ఒక్కోసారి ఆ మెలి వల్ల లివర్ టూ-హైకి, అంటే రెండు చక్రాలే లాగే మీటకి, రాకుండా మొరాయిస్తుంది కూడా. అప్పుడు బలవంతం చేయకుండా తిన్నగా నాలుగైదు మీటర్లు రివర్స్ తీస్తే మెలి వదులుతుంది.

కొన్ని బండ్లలో 'ఆటో' అని ఇంకో మీట ఉంటుంది, అవసరమైనప్పుడే ముందు చక్రాలకు బలం పంపుతుంది. దాన్ని పొడి రోడ్డు మీద కూడా వాడొచ్చు, ఫోర్-హైని వాడకూడదు. ఫోర్-లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే మీట) వేయాలంటే బండి ఆపి, లేదా నడక వేగంలో ఉంచి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. ఏ వేగం దాకా ఫోర్-హై మార్చొచ్చో బండితో వచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది. పుస్తకం పోయిందని ఊరుకోకండి, తయారీ కంపెనీల వెబ్‌సైట్లలో చాలా పాత మోడళ్లవి కూడా దొరుకుతాయి.

మాటలతో చెబితే వాడికి పూర్తిగా ఎక్కలేదు. ఇక్కడే దగ్గర్లో హిందూపురం ఆయన గ్యారేజీ ఒకటి ఉంది. సకలేశపుర కాఫీ తోట నుంచి ఒక పాత మహీంద్రా జీపు అక్కడికి రిపేరుకి వచ్చింది. ఆయన్ని అడిగి వీడియో కాల్‌లో చూపించాను. ముందు చక్రాలు రెండింటినీ జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టారు, వెనక చక్రాలు నేల మీదే ఉన్నాయి. టూ-వీల్‌లో ఆయన ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని (ఇందాక చెప్పిన ముందు షాఫ్టే) చేత్తో పట్టి తిప్పితే కవ్వంలా తిరిగింది. లివర్ మార్చి మళ్లీ తిప్పమంటే రెండు చేతులు వేసినా కదల్లేదు. "ఇప్పుడు ముందూ వెనకా ఒకటైపోయాయి సారూ" అని ఫోన్‌లోకి వంగి మావాడికి చెప్పారాయన. వాడి ముఖం అప్పుడు తేటపడింది. మీరు ఇలా చూసుకునేటప్పుడు ఇంజిన్ ఆపి ఉంచండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎప్పుడూ దూరకండి.

మరుసటి వారం మంచు పడ్డాక మళ్లీ ఫోన్. ఈసారి మంచు మీదే ఫోర్-హై నొక్కాడు. డ్యాష్‌బోర్డు మీది ఫోర్ బై ఫోర్ లైటు ఆగకుండా మిణుకుతోంది, చాలాసేపటికి ధడేల్‌మని చప్పుడొచ్చి పడుతోంది. ఇది నిజమైన జబ్బే. లైటు మిణుకుతోందంటే మార్పు ఇంకా పూర్తి కాలేదని అర్థం.

ఇక్కడ నా మాట వినండి. ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పడం చిట్టచివరి పని. ముందు ఖర్చు లేనివి చూడాలి. నాలుగు టైర్లూ ఒకే సైజువా, ఒకేలా అరిగాయా? పాత బండి అమ్మేవాళ్లు తరచు రెండే కొత్తవి వేసి అమ్ముతారు. దర్జీ టేపు టైరు చుట్టూ చుట్టి కొలిస్తే తేడా తెలిసిపోతుంది. గాలి కూడా చూడండి. తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఆయిల్ ఎంతుంది, ఎలాంటిది? కొన్నింటికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, కొన్నింటికి ప్రత్యేకమైన ఆయిల్ పోయాలి. ఏదో ఒకటి పోస్తే పట్టు సరిగా పడదు.

ఆ తర్వాత ముందు యాక్సిల్‌ని (ముందు చక్రాల ఇరుసుని) కలిపే భాగం. ఇది బండిని బట్టి మారుతుంది, అందుకే ఒకరి బండికి పనిచేసిన చిట్కా ఇంకొకరికి పనిచేయదు. 1990ల నాటి కొన్ని షెవర్లే, జీఎంసీ పికప్‌లలో అది వేడెక్కి ముందుకి జరిగే యాక్చుయేటర్, అంటే ఆ భాగాన్ని తోసి కలిపే చిన్న పరికరం. చలిలో ఆలస్యం కావడం దానికి సహజం. ఆ కాలపు డాడ్జ్ రామ్‌లో వ్యాక్యూమ్ (గాలి పీల్చే బలం) పైపులతో పనిచేస్తుంది. 2004 తర్వాతి చాలా ఫోర్డ్ ఎఫ్-150లలో తీరు తలకిందులు: వ్యాక్యూమ్ ఉన్నంతసేపూ హబ్బులు (ముందు చక్రాలను ఇరుసుతో కలిపే భాగాలు) విడిగా ఉంటాయి, పోతే కలుస్తాయి. రబ్బరు పైపు పగిలి వ్యాక్యూమ్ అరకొరగా అందితే హబ్బు సగం సగం తగిలి, టూ-వీల్‌లో వెళ్తున్నా గరగరమని పళ్లు కొరికినట్టు మోగుతుంది. అర మీటరు పైపుతో పోయేదానికి హబ్బులు మార్పించుకున్నవాళ్లను డులూత్‌లో చూశాను. అందుకే ఇంతగా చెబుతున్నాను.

మావాడి బండిలో ముందు యాక్సిల్‌ని కలిపేది చిన్న కరెంటు మోటారు. వాడు బండి కిందకి ఫోన్ పెట్టి చూపించాడు. యాక్సిల్ మీది కనెక్టర్ ఊడదీస్తే లోపలి పిన్నులు పచ్చగా, తోమని ఇత్తడి చెంబులా చిలుము పట్టి ఉన్నాయి. అక్కడి రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు చల్లుతారు, ఆ నీరు ఇలాంటి సందుల్లోకే చేరుతుంది. బ్యాటరీ వైరు తీయించి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టించి, పాత టూత్ బ్రష్‌తో రుద్దించాను. ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు (తడి చేరకుండా కనెక్టర్లకి రాసేది) కాస్త రాసి బిగించమన్నాను. మళ్లీ మంచు మీద నొక్కితే రెండుసార్లు మిణికి లైటు నిలబడిపోయింది. వాడు అటు కేక వేస్తే ఇక్కడ మా వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఒక విషయం గుర్తుంచుకోండి. బండికి తగిలించి లోపాల కోడ్‌లు చదివే, తక్కువ ధరకి దొరికే కోడ్ రీడర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చూపిస్తాయి. అందులో ఏమీ రాలేదంటే ఫోర్ బై ఫోర్ బాగుందని కాదు. ఇంకొకటి, ఎండాకాలంలో కూడా నెలకొకసారి తడి గడ్డి మీదో కంకర దారిలోనో ఫోర్-హై వేసి కాస్త దూరం నడపండి. వాడకపోతే అవి బిగుసుకుపోతాయి.

గ్యారేజీకి వెళ్లక తప్పకపోతే "ఫోర్ బై ఫోర్ పనిచేయట్లేదు" అని మాత్రం అనకండి. నేల ఎలా ఉంది, ఎంత వేగం, తిన్నగానా మలుపులోనా, ఏ చప్పుడు, అన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. గేరు వేయగానే ఒక్క 'ఠంగ్' అంటే ముందు షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ చివర్లలో ఉండే కీళ్లు) చూస్తారు. బరువు మీద యాక్సిలరేటర్ నొక్కినప్పుడు టపటపమంటూ జారినట్టుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి చైన్ సాగిందేమోనని అనుమానించాలి, విప్పాల్సి వచ్చేది అప్పుడే. చూసినందుకు ఎంత తీసుకుంటారో ముందే అడగండి. మిషిగన్‌లో రాతపూర్వక ఎస్టిమేట్ అడగొచ్చు, మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మనొచ్చు. చట్టం ఆ హక్కు ఇస్తోంది, మొహమాటపడకండి.

మావాడి బండిలో ఆ ఒక్క 'ఠంగ్' ఇంకా మిగిలే ఉంది. ముందు షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే దాని వెనక వైపు క్రాస్ దగ్గర వేలికి ఆట తెలుస్తోందట. శనివారం గ్యారేజీకి తీసుకెళ్తున్నాడు. కాగితం మీద ఏం రాశాడో నిన్న రాత్రి ఫోటో తీసి పంపాడు. వేగం రాయడం మరిచిపోయాడు, అది కూడా చేర్చమని చెప్పాను.